బేసు లింగం చెప్పులెందుకు విడుస్తాడు

సంగారెడ్డి చుట్టుపక్కల, ఇటు పటాన్‌చెరు దాకా, అటు జోగిపేట, జహీరాబాదు దాకా ఎక్కడ ఆర్కెస్ట్రా పెట్టినా ఒక వింత చూడొచ్చు. పాటగాళ్లు మెరుపుల కోట్లు వేసుకుంటారు. కీబోర్డు వాయించేవాడు బూట్లు తళతళలాడేలా పాలిష్ చేసుకొస్తాడు. బేసు గిటారు వాయించేవాడు మాత్రం స్టేజీ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఒక చెక్క ప్యాలెట్ మోసుకొచ్చి వేసుకుని, దాని మీద వట్టి కాళ్లతో నిలబడతాడు. ఫ్యాక్టరీలకు యంత్రాలూ పీపాలూ వచ్చేటప్పుడు అడుగున వేసే చెక్క పలకల చట్రం ఉంటుందే, అదే ప్యాలెట్.

ఎందుకయ్యా ఈ అవతారం అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. సదాశివపేట వాళ్లు సరస్వతీదేవి మీద భక్తి అంటారు. జహీరాబాదు వాళ్లు కరెంటు షాకు కొట్టకుండా అంటారు. జోగిపేటలో సాయికిరణ్ అని ఒకడున్నాడు. అతను ప్యాలెట్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ ఎక్కుతాడు. ఇవేవీ నిజం కావు. ఈ ఆచారానికి మూలపురుషుడు పటాన్‌చెరు లింగం. అతను చెప్పులు విడిచింది భక్తితోనూ కాదు, భయంతోనూ కాదు. అతనికి చెవులు సరిగా వినపడవు. అరికాళ్లతో వింటాడు. ఆ సంగతి భార్య అరుణకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

లింగానిది కంది దగ్గర పల్లె. చేను ఉంది, ఎడ్లు ఉన్నాయి, కానీ చేను చేసేవాడికి పిల్లనిచ్చే రోజులు పోయాయని తండ్రే అతన్ని ఫ్యాక్టరీకి తోలాడు. పటాన్‌చెరులో ఒక రేకుల కంపెనీలో ప్రెస్సు మీద పని దొరికింది. ప్రెస్సు అంటే గోడంత యంత్రం. పైనుంచి ధన్‌మని దిగి, మందపాటి ఇనుప రేకును ఒక్క దెబ్బకు మూకుడులా వంచేస్తుంది. అలాంటివి ఒకే షెడ్డులో వరసగా ఉండేవి. చెవుల్లో పెట్టుకోమని బిరడాలు ఇచ్చేవాళ్లు. అవి పెట్టుకుంటే పక్కవాడి మాట వినపడదు. పక్కవాడు ఎక్కువగా చెప్పే మాటేమో "చెయ్యి తియ్!" అని. చెయ్యి కావాలా, చెవి కావాలా అంటే ఎవడైనా చెయ్యే కోరుకుంటాడు. ఆ షెడ్డులో అందరూ చెయ్యే కోరుకున్నారు.

పెళ్లయ్యే నాటికే లింగానికి పిట్టల కూతలు పోయాయి. ఫోను మోత పోయింది. మాటల్లో సగం అక్షరాలు పోయాయి. అరుణ కాపురానికొచ్చిన కొత్తల్లో మెల్లగా మాట్లాడేది. రెండు మూడు సార్లు ఆమె ఏదో అడిగితే అతను తెల్లమొహం వేశాక, సంగతి పట్టేసి గొంతు పెంచింది. పెంచిన గొంతు మళ్లీ దించలేదు. వాడకట్టులో అందరూ "పాపం లింగం, గయ్యాళి దొరికింది" అనుకున్నారు. అనుకోనీ అనుకుంది అరుణ. మొగుణ్ని చెవిటోడనిపించడం కన్నా తాను గయ్యాళి అనిపించుకోవడమే నయమనుకుంది. ఆమె ప్రేమ అలాంటిది. దానికి దండలు ఎవరూ వేయరు.

ఇక బేసు గిటారు సంగతి. ఒక వినాయక చవితికి లింగం పెద్ద సర్కారు ఫ్యాక్టరీ కాలనీకి పోయాడు. అక్కడ పందిట్లో కామరాజు ఆర్కెస్ట్రా జరుగుతోంది. కామరాజు తండ్రి గోదావరి జిల్లా నుంచి ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డాడు. కామరాజు పుట్టిందీ పెరిగిందీ ఆ క్వార్టర్లలోనే అయినా మాటలో మాత్రం గోదావరి పోలేదు. ఆయన కీబోర్డు వాయిస్తాడు, ఆయన భార్య హైమావతి పాడుతుంది. లింగానికి పాటలు అంటే అప్పటికి పెదవులు కదలడం, జనం చప్పట్లు కొట్టడం, అంతే. చోటు దొరక్క పెద్ద స్పీకరు బాక్సు పక్కన నిలబడ్డాడు. అప్పుడు ఏదో వచ్చి కడుపులో తగిలింది. మళ్లీ తగిలింది. పాట ఎటు నడిస్తే అటు అది నడుస్తోంది. ఏళ్ల తర్వాత ఒక పాట అతని దాకా వచ్చింది. లింగం ఆ బాక్సును కావిలించుకున్నంత పని చేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు బేసు వాయించే కుర్రాడికి పుణెలో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాడని, గిటారు క్లబ్బు బీరువాలో పడి ఉందని విని, రిహార్సల్ గదికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"గిటారు వచ్చా?" అన్నాడు కామరాజు.

"రాదు సార్. నేర్పుతె నేర్చుకుంట."

"పోనీ ఇంకేదైనా వాయించేవాడివా?"

"బోనాలల్ల డప్పులోళ్ల ఎంబడి నడిసిన సార్."

కామరాజు పగలబడి నవ్వాడు. అయినా గిటారు చేతికిచ్చాడు. ఉన్నవి నాలుగే తీగలు, పైగా మనిషి ఉత్త చేతుల్తో రేకులు ఎత్తేవాడు, ఆ వేళ్లకు తీగలు ఒక లెక్కా అనుకున్నాడు. లింగం మొండివాడు. చలికాలం వెళ్లేసరికి చెయ్యి కుదిరింది. శ్రుతి చూసుకోవడానికి గిటారు తలకు తగిలించే చిన్న యంత్రం ఉంటుంది, సరిగ్గా ఉంటే పచ్చ దీపం వెలుగుతుంది. చెవితో పనిలేదు. పాట ఎక్కడుందో తెలుసుకోవడానికి డ్రమ్ములు వాయించే రాకేష్ పెద్ద డ్రమ్మును తొక్కే కాలు చూసేవాడు, హైమావతి గొంతు కదలిక చూసేవాడు.

మొదటి ప్రోగ్రాం నాడు కొత్త బూట్లు వేసుకుని ఎక్కాడు. స్టేజీ ఉత్త పలకలతో కట్టింది. స్టేజీ ఎక్కిన జనం అడ్డొచ్చి రాకేష్ కాలు కనపడలేదు. లింగం తప్పిపోయాడు. తిరునాళ్లలో పిల్లాడు తప్పిపోయినట్టు బిక్కచచ్చి, బూటు కరుస్తోందని ఒక పాట మధ్యలో విప్పేశాడు. పలక మీద పాదం ఆనగానే డ్రమ్ము అరికాల్లోంచి మోకాలికి ఎక్కింది. రెండో బూటు కూడా విప్పి పారేశాడు. ఆ పూట అతను వాయించినట్టు ఎవరూ వాయించలేదని కామరాజే అందరికీ చెప్పుకున్నాడు.

"బూట్లెందుకు విప్పావయ్యా?" అని అడిగితే లింగం నోటికొచ్చింది చెప్పాడు. "సరస్వతి గద సార్."

ఆ ఒక్క అబద్ధం ఊరూరా తిరిగి భక్తి అయి కూర్చుంది. సిమెంటు స్టేజీల మీద కాళ్లకు ఏమీ తెలియక ఫ్యాక్టరీ నుంచి ప్యాలెట్ తెచ్చుకుంటే, దానికి షాకు కథ పుట్టింది. ఈసారి లింగం నోరు కూడా విప్పలేదు, జనమే అల్లుకున్నారు.

ఇంకో సంగతీ ఉంది. లింగానికి పాటలోని జిలుగులు వినపడవు కాబట్టి వాటి జోలికి పోడు. ఒక్క దెబ్బ వేసి, ఆగి, చోటు వదిలి, మళ్లీ సరిగ్గా కాలు పడాల్సిన చోట ఇంకో దెబ్బ వేస్తాడు. ఆ చోటులో పాడేవాళ్లకు ఊపిరి తిరిగేది, పెళ్లి బరాత్‌లో ఆడేవాళ్లకు కాలు తిరిగేది. "లింగం లెక్క కొట్టు" అనే మాట ఆ ప్రాంతంలో పుట్టింది. అప్పటిదాకా నాలుగు తీగల మీద నలభై విద్యలు చూపించే కుర్రాళ్లంతా తక్కువ వాయించడం నేర్చుకున్నారు. ఇంతమందికి గురువైన మనిషి ఒక్కడికీ పాఠం చెప్పలేదు. అడగడానికి వస్తే, వాళ్ల మాట వినపడక తల ఊపి నవ్వేవాడు. ఎంత నిగర్వో అని వాళ్లు మురిసిపోయేవాళ్లు!

ఇలా సాగుతుండగా, మొన్నీమధ్య కామరాజుకు నాగరికత పట్టుకుంది. స్టేజీ మీద బాక్సులు వద్దన్నాడు. అందరూ చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, ఎవరి పాట వాళ్లకు చెవిలోనే వినపడుతుంది. కంప్యూటర్‌లో ముందే రికార్డు చేసిన ట్రాక్ నడుస్తుంటే దాని మీద వాయించాలి. పోతిరెడ్డిపల్లి దగ్గర కొత్త ఫంక్షన్ హాల్లో పెద్ద రిసెప్షన్‌తో మొదలు. నల్ల సూట్లు, నల్ల బూట్లు. హాలు స్టేజీ గ్రానైటు. ప్యాలెట్ తెస్తే ఈవెంట్ వాళ్లు గేటు దాటనివ్వరు.

లింగానికి కాళ్ల కింద నేల కదిలిపోయింది. రహస్యాలు మాట్లాడుకోవాలంటే ఆ మొగుడూ పెళ్లాలకు ఇల్లు పనికిరాదు, వాడకట్టంతా వింటుంది. అందుకని బండెక్కి ముంబై హైవే మీదికి పోతారు. వెనక కూర్చుని అరుణ అతని కుడి చెవిలో అరుస్తుంది. లారీల మోతలో ఇంకెవరికీ వినపడదు.

"చెప్పెయ్యరాదు? ఎన్నొద్దులు దాస్తవ్?"

"చెప్తె ఇగ నన్నెవ్వరు జూడరు. నా చెవులనే జూస్తరు. చెవిటోని ముందల శంఖం ఊదుతె సామెత. చెవిటోడే శంఖం ఊదుతె నవ్వులాట."

"మరి ఏం జేస్తవ్?"

"బూట్లేస్కొని నిలబడ్త. నడిస్తె నడుస్తది. లేకపోతె బంద్ జేస్త."

అరుణ అరవడం మాని, అతని వీపు మీద చెయ్యి వేసింది.

రిసెప్షన్ పోచయ్య బిడ్డ శ్రీదివ్యది. పోచయ్య ఒకప్పుడు ఫ్యాక్టరీలో చేసి, ఇప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలున్న పెద్ద రైతు. ప్యాంటు మడత నలగనివ్వకుండా ద్వారం దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ దండాలు పెడుతున్నాడు. లింగం నల్ల సూటులో, నల్ల బూట్లలో, గ్రానైటు మీద నిలబడ్డాడు. చెవిలో పెట్టిన ముక్కలోంచి ఏమీ అందడం లేదు. కాళ్ల కింద ఏమీ లేదు. మొదటి పాటలో ఒక అడుగు వెనకపడ్డాడు. రెండో పాటలో ముందుకు పోయాడు. కామరాజు ఒకసారి తిరిగి చూశాడు, ఇంకోసారి చూశాడు, తర్వాత సౌండు చూసేవాడి వైపు వేలితో ఏదో సైగ చేశాడు.

ఆ సైగ ఏంటో లింగానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అనుమానమొచ్చి తీగ మీంచి వేలు తీసేశాడు. జనం ఆడుతూనే ఉన్నారు. రాకేష్ వాయిస్తూనే ఉన్నాడు. అంటే అతని గిటారు ఆపేశారు, బేసు ట్రాక్‌లోంచి వస్తోంది. అతను ఉన్నా లేకున్నా ఒకటే. ప్రెస్సు దెబ్బలు ఎన్ని తిన్నాడో లెక్కలేదు గానీ, ఇంత దెబ్బ ఎప్పుడూ తగల్లేదు. పాట అయ్యేదాకా ఊరికే వేళ్లు ఆడిస్తూ నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దీపాల వెలుగులో ఎవరూ చూడలేదు.

భోజనాల వేళకు ఆపారు. కామరాజు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒంట్లో బాలేదా లింగం? పోనీ ఈపూటకి కూర్చో. ట్రాక్ ఉందిగా, నడిచిపోద్ది."

అప్పుడే జోగిపేట సాయికిరణ్ జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. పెళ్లికూతురికి దూరపు చుట్టం. వస్తూనే లింగం కాళ్ల వైపు చూసి గుండె బాదుకున్నాడు.

"ఇదేందన్నా! బూట్లతోటి గిటారు పట్టినవ్? గందుకే చెయ్యి తప్పుతుంది. తల్లికి కోపమొచ్చింది. ముందుగాల్ల ఇప్పెయ్!"

అతను అంత దగ్గరగా, అంత గట్టిగా అన్నాడు కాబట్టి లింగానికి ప్రతి మాటా అందింది. కోపం రాలేదు, నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే లోపల ఏదో కట్ట తెగింది.

"తల్లికి కోపం లేదు తమ్మీ, ఏం లేదు. నాకు చెవులు ఇనబడయ్. కొత్తల సంది అంతే. చెక్క మీద నిలబడితె కాళ్లకు తెలుస్తది. గందుకే చెప్పులిడుస్త. గంతే."

సాయికిరణ్ తల పట్టుకున్నాడు. "మరి నేను గన్ని కొబ్బరికాయలు గొడితిని?"

"నువ్వు గొట్టినవ్, నువ్వే తిన్నవ్. లుక్సానేంది?"

కామరాజు మొహం ఎర్రబడింది. "ఏమిటీ? ఇరవై ఏళ్ల నుంచా? అబద్ధం! రిహార్సల్‌లో నేను శ్రుతి తప్పితే నువ్వు మొహం చిట్లించేవాడివి కదయ్యా, నేను హడిలి చచ్చేవాణ్ని!"

"మీరు తప్పితె హైమమ్మ మొఖం చిట్లిస్తది సార్. ఆమెను జూసి నేను చిట్లిస్త."

హైమావతి నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని, "మాకు చెప్పలేకపోయారా అన్నయ్యగారూ?" అంది.

"చెప్తె తీసేస్తరని."

కామరాజు కోపిష్టి గానీ దొంగమాటలు చెప్పే మనిషి కాడు. "తీసేసేవాణ్నే," అన్నాడు చివరికి. "మొదట్లో చెప్పుంటే, ఒట్టు, మర్నాడే తీసేసేవాణ్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడేంటి, నీ మొహం! చెక్క ఎక్కడుందో వెతకండి!"

వెతికే పని సాయికిరణ్ పుచ్చుకున్నాడు. అంత పెద్ద హాల్లో చెక్కన్నది లేదు. అంతా గ్రానైటు, గాజు, ప్లాస్టిక్ పూలు. మడమతో తన్నుకుంటూ హాలంతా తిరిగాడు. చివరికి ఒక చోట బోలుగా మోగింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కూర్చునే సోఫా కింద వేదిక. ప్లైవుడ్డుతో కట్టి పైన ఎర్ర తివాచీ పరిచారు. ఈవెంట్ కుర్రాడు కుదరదు గాక కుదరదన్నాడు. సాయికిరణ్ నేరుగా శ్రీదివ్య దగ్గరికే పోయి అడిగాడు. ఆ పిల్లకు అప్పటికే ఫొటోలకు నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి. కొత్తగా ఏదైనా జరిగితే చాలనుకుందో ఏమో, "రానీ అన్నా, ఎన్క నిలబడ్తడు గంతే గద" అంది.

వ్యానులో మూలన పడున్న పాత బాక్సు తెచ్చి వేదిక పక్కన ఆనించారు. లింగం బూట్లు విప్పి, సోఫా వెనక తివాచీ మీద నిలబడ్డాడు. కామరాజు ట్రాక్ ఆపేసి తనే వాయించడం మొదలుపెట్టాడు. రాకేష్ కాలు వేశాడు. ఆ దెబ్బ పాత బాక్సులోంచి ప్లైవుడ్డులోకి దూరి, లింగం పాదాల్లోకి ఎక్కింది. ఒక్క దెబ్బ వేశాడు. ఆగాడు. చోటు వదిలాడు. మళ్లీ వేశాడు. సోఫా ఊగింది. పెళ్లికొడుకు ఉలిక్కిపడి పెళ్లికూతురి చెయ్యి పట్టుకున్నాడు, అది ఫొటోగ్రాఫరుకు బాగా నచ్చింది. భోజనాల నుంచి జనం విస్తళ్లు వదిలి వచ్చారు. ముసలివాళ్లు కూడా కుర్చీల్లో తలలు ఆడించారు.

పాట అయిపోయింది. కట్నకానుకలు చదివించేవాళ్లు వరస కట్టారు. అప్పటిదాకా అతిథులతో తీరిక లేని పోచయ్య, ఎవరో ఫోనులో చూపించిన ఫొటోలు చూసి గబగబా వేదికెక్కాడు.

"ఎవలయ్యా నువ్వు? ప్రతీ ఫొటోల నా బిడ్డ నెత్తి మీద నువ్వే ఉన్నవ్! గా స్టేజీ లేదా నీకు?"

లింగం ఆయన మొహం చూసే అర్థం చేసుకున్నాడు. పెద్దమనిషి దగ్గరికి వంగి, నలుగురికీ వినపడకుండా మెల్లగా చెప్పాడు. "చెవులు జెర మందం సార్. చెక్క మీదైతె తెలుస్తది."

"ఆఁ?" అన్నాడు పోచయ్య.

ఇంకొంచెం గట్టిగా చెప్పాడు.

"ఏందీ? జెర గట్టిగ జెప్పు!" పోచయ్య అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

లింగం చుట్టూ చూశాడు. పాట లేదు. వరసలో నిలబడ్డవాళ్లు, సోఫాలో జంట, కింద ఆర్కెస్ట్రా, అందరూ తన వైపే చూస్తున్నారు. ఇరవై ఏళ్లు హైవే మీద తప్ప ఎక్కడా పైకి అనక, ఇందాక నలుగురి ముందు మాత్రమే అన్న మాట. ఊపిరి తీసుకున్నాడు.

"నాకు చెవులు ఇనబడయ్ సార్!" అని అరిచాడు. "నేను చెవిటోణ్ణి!"

గోడలు మోగాయి. ఎవరూ నవ్వలేదు. పోచయ్య ఒక్క క్షణం అతన్ని కిందికీ మీదికీ చూశాడు.

"ఏ షెడ్డు?" అన్నాడు.

"ప్రెస్సు షెడ్డు!"

"నాది హామర్ షెడ్డు! ఉన్న రెండు చెవులు గాడనే ఇడిసి వచ్చిన!" అని అంతకంటే గట్టిగా అరిచి, పోచయ్య వంగి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు. "బిడ్డ పెండ్లిల ఒక్క పాటన్న ఇందామని పొద్దటి సంది జూస్తున్న. ఇంకోటి కొట్టమను. జెర జరుగు."

లింగం జరిగి చోటిచ్చాడు.